చిరాకు పోదు, చోటు మారుతుంది

పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే నిలబడితే ఎంతకీ కాగవు. ఒక్క గ్లాసు కడుక్కుని వెనక్కి తిరిగేసరికి పొంగి స్టవ్వంతా పారతాయి. గృహప్రవేశం రోజున ఇదే పొంగును శుభమని చూసి చేతులు జోడిస్తారు. మర్నాటి నుంచి అదే పొంగు బర్నర్ రంధ్రాల్లో మాడి, పిన్నీసుతో పొడిస్తే తప్ప వదలని జిడ్డు.

పాలు ఇలా ప్రవర్తించడానికి కారణం ఉంది. వేడెక్కుతున్నకొద్దీ మాంసకృత్తులు, కొవ్వు కలిసి పైన పొరలా కడతాయి. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైకొచ్చి ఆ పొర కింద చిక్కుకుంటాయి. నీళ్ళలో అయితే బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. పాలలో మాంసకృత్తులు బుడగ గోడను పట్టి ఉంచుతాయి కాబట్టి అది తొందరగా పగలదు, నురగై పేరుకుంటుంది. అలా పేరుకుని పేరుకుని, మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. అందుకే అంతసేపూ ఏమీ జరగనట్టుండి ఆఖరి కొన్ని క్షణాల్లో కొంప మునుగుతుంది.

దీనికి మనుషులు కనిపెట్టిన విరుగుళ్ళు చాలానే ఉన్నాయి. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెట్టడం ఒకటి. మంట పెద్దగా ఉంటే అది కాసేపే ఆపగలదు. ఇంకొకటి గాజుతోనో పింగాణీతోనో చేసిన చిన్న బిళ్ళ. దాని అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది, అంచులో ఒకచోట గాడి ఉంటుంది. పాల అడుగున వేస్తే ఆవిరి దాని కింద కూడి, గాడిలోంచి పెద్ద పెద్ద బుడగలుగా తన్నుకొస్తుంది. ఆ బుడగలు పైపొరను చీల్చేస్తాయి కాబట్టి పొంగు లేవదు. పైగా మరుగుతున్నప్పుడు బిళ్ళ గిన్నె అడుగున టకటకలాడి పాలు కాగాయని చెబుతుంది కూడా. చాలా తెలివైన వస్తువు, నిజంగా పనిచేస్తుంది. కానీ సలసల కాగిన పాలలోంచి దాన్ని తీసేదెవరు? గాడిలో ఇరుక్కున్న మీగడ గీకేదెవరు?

మన దగ్గర దీనికి మిల్క్ కుక్కర్ వచ్చింది. రెండు గోడల గిన్నె, గోడల మధ్య నీళ్ళు. పాలకు నేరుగా మంట తగలదు కాబట్టి పొంగవు, నీళ్ళు మరిగితే ఈల వేస్తుంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు బహుమతిగా ఇచ్చేవాళ్ళు. అలా వచ్చిన వాటిలో చాలా కుక్కర్లు ఇప్పుడు అటకెక్కి ఉంటాయి. రోజూ చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పోయాలి, పోయడం మరిచిపోతే గిన్నె పాడవుతుంది, ఈల వేయగానే వచ్చి కట్టేయాలి. పరుగు తప్పుతుందని కొన్న వస్తువు పరిగెత్తుకు రమ్మని ఈల వేస్తుంది!

సిల్లీగా కనిపించే ఆవిష్కరణల గురించి మొదట చెప్పుకోవాల్సిన సంగతి ఇదే. అవి పనిచేయవని అందరూ అనుకుంటారు గానీ వాటిలో చాలావరకు బాగానే పనిచేస్తాయి. ఏ చిరాకు కోసం చేశారో దాన్ని తీరుస్తాయి. కాకపోతే తీర్చిన చిరాకు కంటే పెద్దది ఒకటి తెచ్చి చేతిలో పెడతాయి. లెక్క తప్పేది అక్కడే.

ఈ లెక్కను ఒక కళగా మార్చినవాడు జపాన్‌కు చెందిన కెంజి కవాకామి. ఇంట్లో కూర్చుని పోస్టులో సామాన్లు తెప్పించుకునే గృహిణుల కోసం వచ్చిన ఒక పత్రికకు ఆయన ఎడిటర్‌గా ఉండేవాడు. 1980లలో పత్రిక చివర్లో ఖాళీ మిగిలిన పేజీల్లో తాను చేసిన వింత వస్తువుల ఫోటోలు వేయడం మొదలుపెట్టాడు. వాటిని అమ్మకానికి మాత్రం పెట్టలేదు. సూర్యరశ్మితో మాత్రమే వెలిగే టార్చిలైటు, కంట్లో చుక్కల మందు గురి తప్పకుండా పడడానికి అద్దాల స్థానంలో గరాటులు బిగించిన కళ్ళజోడు అలాంటివి. పాఠకులు మరిన్ని అడిగారు. క్రమంగా దీనికి చిందోగు అని పేరు వచ్చింది, దేశదేశాల్లో అభిమానులు పుట్టారు, పాటించాల్సిన పది నియమాలు కూడా తయారయ్యాయి.

ఆ నియమాలు చదివితే ఇది వట్టి తమాషా కాదని తెలుస్తుంది. చిందోగు వస్తువును నిజంగా తయారు చేయాలి, కాగితం మీద బొమ్మ గీసి వదిలేస్తే చెల్లదు. అది రోజువారీ జీవితంలోని అసలైన సమస్యనే తీర్చాలి. కానీ నిజ జీవితంలో వాడదగ్గదై ఉండకూడదు. అమ్మకూడదు, పేటెంటు తీసుకోకూడదు. నవ్వించడమొక్కటే దాని ఉద్దేశం కాకూడదు. అంటే చేసేవాడు సమస్యను మనసుపెట్టి పట్టుకోవాలి, పరిష్కారం దాకా చిత్తశుద్ధితో వెళ్ళాలి, చివరి మెట్టు మీద బోర్లా పడాలి. ప్రతి చిన్న అసౌకర్యానికీ ఒక వస్తువు కొనిపించే బజారును వెక్కిరించడం కవాకామి ఉద్దేశం. వెక్కిరింపు అమ్ముడుపోతే అది కూడా బజారు సరుకే అవుతుంది కాబట్టి అమ్మకం మీద నిషేధం.

ఒక వస్తువును దగ్గర నుంచి చూద్దాం. టోక్యో రైళ్ళలో ఆఫీసు నుంచి తిరిగొచ్చేవాళ్ళు కూర్చున్నచోటే నిద్రపోతారు. తల పక్కవాళ్ళ భుజం మీద వాలుతుంది, దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది. హైదరాబాద్ మెట్రోలోనో విజయవాడ ప్యాసింజర్‌లోనో కూర్చున్నవారికి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. దీనికి చిందోగు పరిష్కారం ఒక హెల్మెట్. దాని వెనక గోడకు అతుక్కునే రబ్బరు కప్పు, ముందు నుదుటి మీద తాను దిగే స్టేషన్ పేరు రాసి దయచేసి లేపమని విన్నపం. రబ్బరు కప్పును వెనకనున్న అద్దానికి నొక్కితే తల కదలదు, పక్కవాళ్ళకు ఇబ్బంది లేదు. విన్నపం చదివి ఎవరో ఒకరు లేపుతారు. ఇంజినీరింగ్ పరంగా తప్పు పట్టడానికేమీ లేదు. అయినా ఎవరూ పెట్టుకోరు. రోజంతా హెల్మెట్ మోయాలి, కిటికీ ముందున్న సీటే దొరకాలి. అంతకన్నా ముఖ్యం, అది పెట్టుకుని పదిమందిలో కూర్చోవాలి. తల వాలిపోవడం చిన్న చిరాకు, నవ్వులపాలవడం పెద్దది.

చాప్‌స్టిక్‌కు బిగించిన బుల్లి ఫ్యాను వేడి నూడుల్స్‌ను చల్లారుస్తుంది. జిగురు పుల్లలాంటి గొట్టంలో పెట్టిన వెన్నను కత్తి లేకుండా రొట్టె మీద రుద్దుకోవచ్చు. పాకే పసిపిల్లలకు వేసే గౌనుకు కింద తుడుపు కుచ్చులు కుడితే, బిడ్డ ఎటు పాకితే అటు నేల శుభ్రం. ఈ చివరిది చూసి నవ్వని తల్లి ఉండదు, ఒక్క క్షణమైనా ఆలోచించని తల్లీ ఉండదేమో.

అయితే సిగ్గు అనే ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1980లలో మినోల్టా కెమెరా కంపెనీలో ఇంజినీరుగా ఉన్న హిరోషి ఉయెదా యూరప్ వెళ్ళినప్పుడు, భార్యతో కలిసి ఫోటో తీయమని ఒక కుర్రాడికి కెమెరా ఇస్తే వాడు దాంతో ఉడాయించాడట. ఆ కోపంతో పొడవు పెంచుకునే కర్రను, తన ముఖం తనకు కనిపించేలా ముందువైపు అద్దమున్న కెమెరాను తయారు చేశాడు. పేటెంటు కూడా వచ్చింది. సరుకు మాత్రం అమ్ముడుపోలేదు. కంపెనీ పరీక్షల్లో ఆడవాళ్ళు తమ ఫోటో తామే తీసుకోవడానికి సిగ్గుపడ్డారని ఆయన తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 1995లో ఇంగ్లీషులో వచ్చిన చిందోగు సంకలనంలో ఇలాంటి కర్ర ఒకటి వెర్రి వస్తువుల మధ్య దర్శనమిచ్చింది. ఉయెదా పేటెంటు గడువు 2003లో ముగిసిపోయింది. ఆ తర్వాత ఫోన్లకు ముందువైపు కెమెరాలొచ్చాయి, ఫోటోలు నలుగురికీ పంపే అలవాటొచ్చింది. 2014లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల జాబితాలో సెల్ఫీ స్టిక్‌కు చోటిచ్చింది. తిరుమల కొండ కింద, చార్మినార్ చుట్టుపక్కల బొమ్మల బుట్టల పక్కన కట్టలు కట్టలుగా అమ్మారు. కర్రలో కొత్తగా వచ్చిందేమీ లేదు. తన ఫోటో తాను తీసుకోవడం సిగ్గుచేటు కాకుండా పోయింది, అంతే.

కాబట్టి ఒక వస్తువు వెర్రిదా కాదా అన్నది దాని తయారీలో తేలేది కాదు. తెచ్చిపెట్టే శ్రమ, పదిమందిలో దాని పరువు, ఈ రెండింటినీ పాత చిరాకుతో తూచి జనం తేలుస్తారు. ఆ తూకం రోజులనుబట్టి మారుతుంది.

చిరాకు ఒకటైతే పరిష్కారం ఇంకొకదానికి కనిపెట్టడం మరో రకం. ప్రెషర్ కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం మన వంటిళ్ళలో నిత్య పరీక్ష. "మూడొచ్చాయా, నాలుగా?" అని వంటింట్లోంచి హాల్లోకి కేక, హాల్లో టీవీ చూస్తున్నవాళ్ళ నోట తడుముకోవడం. దీనికి ఫోన్ మైకుతో విజిల్స్ లెక్కపెట్టే యాప్‌లు వచ్చాయి. అపార్ట్‌మెంట్లలో పక్కింటి కుక్కర్ కూత కూడా లెక్కలో కలిసే ప్రమాదం ఉందనుకోండి, దాన్ని వదిలేద్దాం. అసలు ఇబ్బంది వేరే ఉంది. కుక్కర్ లోపల ఒత్తిడి పెరిగి నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. పప్పుకు కావాల్సింది ఆ వేడిలో కొన్ని నిమిషాలు ఉండడం. విజిల్ అంటే లోపల ఒత్తిడి ఎక్కువై బరువు లేచి ఆవిరి బయటికి పోయిందనే కబురు. పెద్ద మంట మీద నాలుగు విజిల్స్ చకచకా వచ్చేస్తాయి, సిమ్‌లో పెడితే ఒక్కటి రావడానికే చాలాసేపు పడుతుంది. నీళ్ళెన్ని, కుక్కర్ సైజెంత అన్నదాన్నిబట్టి కూడా లెక్క మారుతుంది. కాబట్టి విజిల్స్ ఎంత కచ్చితంగా లెక్కపెట్టినా పప్పు ఉడికిందో లేదో కచ్చితంగా చెప్పలేం. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూస్తే సరిపోతుంది, దానికి యాప్ అక్కర్లేదు. కానీ ఆ సలహా ఏ అమ్మమ్మ ముందైనా ఇచ్చి చూడండి. నాలుగు విజిల్స్ అంటే నాలుగే. ఆమె మంట, ఆమె కుక్కర్, ఆమె కొలత నీళ్ళు ఎప్పుడూ ఒకటే కాబట్టి ఆ లెక్క ఆ ఇంట్లో తప్పదు. తప్పేది, ఆ నాలుగును ఫోన్‌లో విని అమెరికాలో ఎలక్ట్రిక్ స్టవ్ మీద వండే కూతురికి.

సరైన సమస్య ఏమిటో పట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి. 2025లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్న భారతీయుల పని ఇందుకు మంచి నమూనా. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు 1991 నుంచి ఏటా ఇస్తున్న బహుమతి అది. ఢిల్లీ దగ్గరి శివ్ నాడార్ విశ్వవిద్యాలయానికి చెందిన వికాస్ కుమార్, తన పూర్వ విద్యార్థి సార్థక్ మిత్తల్‌తో కలిసి హాస్టల్ గదుల బయట వరండాల్లో బూట్లు పడి ఉండడం గమనించాడు. గదుల్లో చోటు చాలక అనుకున్నారు. అదే నిజమైతే అందమైన స్టాండ్ ఒకటి డిజైన్ చేస్తే పని అయిపోయేది. విద్యార్థులను అడిగి చూస్తే చోటు ఉంది, బూట్లను బయటికి తరిమింది కంపు. దాంతో స్టాండ్ పని మారిపోయింది. లోపల అతినీలలోహిత దీపం పెట్టి, కంపు పుట్టించే బ్యాక్టీరియాను చంపే స్టాండ్ చేశారు. రెండు మూడు నిమిషాల వెలుగు చాలని, మరీ ఎక్కువసేపు పెడితే బూట్లు వేడెక్కి పాడవుతాయని కూడా తేల్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచే దేశంలో ఇంతకాలం ఎవరూ ఈ వాసనకు కొలతలు తీయలేదంటే, అలవాటైన చిరాకు కంటికి ఆనదని అర్థం. అంత మంచి స్టాండ్ ఉన్నా ఆ సాక్సులు ఉతకకపోతే ప్రయోజనం లేదన్న మాట వేరే.

ఇగ్ నోబెల్ జాబితాలోనే 2005లో మరో భారతీయ సంతతి పేరుంది. ఎంఐటీలో చదువుతున్నప్పుడు గౌరీ నందా చక్రాలున్న అలారం గడియారం చేసింది. స్నూజ్ బటన్ నొక్కితే అది టేబుల్ మీంచి దూకి, గదిలో ఎటో దొర్లిపోయి దాక్కుని, మళ్ళీ మోగుతుంది. ఆపాలంటే లేచి వెతకాలి. మిగతా వస్తువులు తెలియక కొత్త చిరాకు తెస్తే, ఇది తెలిసి తెస్తుంది. చిరాకే ఇందులో మందు. తర్వాత ఆమె దాన్ని కంపెనీ పెట్టి అమ్మింది కూడా. నవ్వుకున్నవాళ్ళలో కొందరైనా కొన్నారన్నమాట.

ఇయర్‌ఫోన్ వైర్ల కథ ఇంకా చక్కనిది. జేబులో చుట్టి పెట్టిన వైరు తీసేసరికి చిక్కుముడి ఎందుకు పడుతుందని అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షించారు. డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ ఒక పెట్టెలో తాడు వేసి గిరగిరా తిప్పారు, అలా 3,415 సార్లు. ముడులు కొన్ని క్షణాల్లోనే పడుతున్నాయి. 46 సెంటీమీటర్లకన్నా పొట్టి తాడుకు మాత్రం ముడి పడలేదు. 2007లో అచ్చయిన ఈ పరిశోధనకు మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ వచ్చింది. మడతపెట్టేవాడి చేతకానితనం ఇందులో లేదు, పొడవున్న తాడు కదిలితే చిక్కుపడడం దాని స్వభావం. ఇక వైరే తీసేస్తే పోలా అన్నట్టు బ్లూటూత్ బడ్స్ వచ్చాయి. చిక్కు పోయింది. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టాలి, ఒక చెవిది పరుపు కింద పడితే వెతకాలి, బస్సులో జారితే ఆశ వదులుకోవాలి. దీనికి పరిష్కారంగా రెండు బడ్స్‌నూ కలిపి మెడలో వేసుకోవడానికి సిలికాన్ తాళ్ళు అమ్ముతున్నారు. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్‌కు వైరు! కవాకామి తలపెట్టినా ఇంతకన్నా గొప్ప చిందోగు చేయలేడు, కానీ ఇది డబ్బిచ్చి కొనే సరుకు.

చట్టం కూడా ఈ వెర్రితనం గురించి ఆలోచించింది. భారత పేటెంట్ల చట్టం 1970లోని 3(ఎ) సెక్షన్ ప్రకారం పనికిమాలినవీ, స్థిరపడిన ప్రకృతి నియమాలకు విరుద్ధమని స్పష్టంగా తెలిసేవీ ఆవిష్కరణలే కావు. కొన్ని దేశాల్లో తలుపులు ఇంకాస్త వారగా తెరిచి ఉండేవి. లేజర్ చుక్క చూపించి పిల్లిని పరిగెత్తించే పద్ధతికి 1995లో, ఉయ్యాలను గొలుసులు లాగుతూ పక్కలకు ఊపే పద్ధతికి 2002లో అమెరికా పేటెంట్లు ఇచ్చింది. రెండోది దరఖాస్తు చేసింది ఒక చిన్న పిల్లాడి పేరు మీద, వాళ్ళ నాన్న పేటెంటు లాయరు. 2001లో ఆస్ట్రేలియాలో ఒక లాయరు ఏకంగా చక్రానికే పేటెంటు తెచ్చుకుని అక్కడి కొత్త పేటెంటు విధానంలోని డొల్లతనాన్ని బయటపెట్టాడు. పనికిమాలినదని అధికారి తేల్చడం అంత సులువు కాదని ఈ ఉదంతాలు చెబుతాయి. సెల్ఫీ స్టిక్‌ను 1983లో ఏ అధికారి ముందు పెట్టినా ఏమనేవాడు?

ఇక్కడ చింతకింది మల్లేశం గురించి చెప్పుకోవాలి. ఆయన పనిని వెర్రి అన్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. పోచంపల్లి పట్టుచీర నేయడానికి ముందు నూలును ఆసు పోయాలి. ఎదురెదురుగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. ఆలేరు ప్రాంతంలో ఆయన తల్లి లక్ష్మి రోజంతా ఆ పనే చేసి భుజం నొప్పితో బాధపడేది. బడి మధ్యలోనే మానేసిన మల్లేశం 1992 నుంచి మోటార్లు, గేర్లు, చెక్కముక్కలు పెట్టుకుని తంటాలు పడి 1999కి లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. చిందోగు తయారీలాగే ఇక్కడా ఇంట్లో ఒక మూల, చేతికందిన సామాన్లు, చుట్టూ నవ్వే జనం. తూకంలో అవతలి పళ్ళెం మాత్రం వేరు. అటువైపు ఉన్నది 9,000 సార్లు కదిలే చెయ్యి. యంత్రం తెచ్చిన కొత్త ఇబ్బందులు ఎన్ని వేసినా అది పైకి లేవదు. చిరాకు అనే మాటకు కూడా ఆ ఇళ్ళలో చోటు లేదు, ఆడవాళ్ళ పని అలాగే ఉంటుందని అందరూ సర్దుకుపోయారు. మూడు విజిల్సా, నాలుగా అని విసుక్కునే తీరిక ఉన్నచోట యాప్‌లు పుడతాయి. ఆసు దగ్గర కూర్చున్నామె బాధను కొడుకు చూడకపోతే ఆ యంత్రం ఇంకెన్నాళ్ళకు పుట్టేదో.

మరి కొన్ని చిరాకులకు ఏ ఆవిష్కరణా అక్కర్లేదు. కొత్త ఇంట్లో పది స్విచ్‌ల బోర్డు ముందు నిలబడి ఏది ఫ్యానుదో, ఏది బాల్కనీ లైటుదో తెలియక అన్నీ టకటకా నొక్కడం అలాంటిదే. ఫోన్‌తో, మాటతో నడిచే ఖరీదైన స్విచ్‌లు వచ్చాయి, నెట్ పోతే అవీ మొరాయిస్తాయి. కాగితం ముక్క మీద పేరు రాసి అంటిస్తే ఐదు నిమిషాల పని, ఖర్చు సున్నా. కొత్త చిరాకేమీ రాదు, సిగ్గుపడేదీ లేదు. అయినా ఇల్లు కట్టి పదేళ్ళయినా చాలామంది అంటించరు. చుట్టాలొచ్చి ఫ్యాను కోసం తడుముకుంటుంటే, లోపలి గదిలోంచి "అది కాదు, దాని పక్కది, కింద వరసలోది" అని కేకేస్తారు. ఆ కేక విని చుట్టాలు గీజర్ వేస్తారు.